మారిషసు ద్వీపమున చీనావారి యంగడి

మన పత్రికలో యాత్రలను గూర్చి వ్రాయు సోదరీమణులు తఱచుగా కాశీ రామేశ్వరములను, హిమవత్పర్వత శిఖరములను వర్ణించుచుందురు. నేను వ్రాయబోవునది యొక చిల్లర యంగడిని గూర్చి. అది సముద్రమధ్యమున నున్న మారిషసు ద్వీపమున, చెఱకు తోటల నడుమ, ఒక చిన్న గ్రామపు కూడలిలో నున్నది. రేకుల కప్పు, చెక్క గోడలు, వెడల్పైన తలుపులు. ఆ తలుపులు నేడు మూయబడియున్నవి. అయినను ఆ ద్వీపమున నేను చూచినవానిలో నాకు మఱపురానిది యదియే.

మా వారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. ఆ ద్వీపమున తెలుగు నేర్పు ఉపాధ్యాయులకు తోడ్పడుటకై మూడు మాసములు రమ్మని అచ్చటి మిత్రులు పిలువగా నేనును వెంట బోయితిని. నేను బడికి బోయి చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటి యరుగు మీద కూర్చుండబెట్టి రామాయణ భారత భాగవతములు చెప్పిరి; అంతియే నా చదువు. కావున సముద్రమును దాటుట యనిన నాకు భూగోళ శాస్త్రమునకు ముందు సుందరకాండము జ్ఞప్తికి వచ్చును. ముంబయి నుండి విమానము ఆఱు గంటలకు పైగా నీలిసముద్రము మీదనే పోయి, తుదకు పచ్చని చెఱకు తోటల నడుమ దిగినది. నాతో గూడ నా మడిబట్టయు, నా యాచారమును, నా కందిపొడియు దిగినవి. కందిపొడి వలన నెవ్వరికిని కష్టము గలుగలేదు. తక్కిన రెండింటి వలన నేమి జరిగెనో చెప్పెదను.

మారిషసు ద్వీపము హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా నున్నది. ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనకు మోటారులో రెండు గంటలలో బోవచ్చును. ఇచ్చట ఆదివాసులనువారు లేరు. ఈ సంగతి తెలిసికొన్నగాని తక్కిన కథ బోధపడదు. 1598లో డచ్చివారు దిగునప్పటికి ఇది జనులు లేని యడవి. పిమ్మట 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును దీనిని స్వాధీనము చేసికొనిరి. ఫ్రెంచివారు ఆఫ్రికా మడగాస్కరుల నుండి బానిసలను దెచ్చి చెఱకు వేయించిరి. 1835లో బానిసత్వము తొలగెను. అప్పుడు తోటల యజమానుల చూపు మన దేశము మీద పడినది. 1834 మొదలుకొని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల వఱకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఆ దీవికి వచ్చిరి. వారిలో మన తెలుగు తీరపువారును గలరు. కాకినాడ దాపుననున్న కోరంగి రేవున నోడ యెక్కినవారగుటచే వారికచ్చట కోరింగీలని పేరు వచ్చినది. వారి సంతతివారు నేటికిని దీపము చుట్టును తిరుగుచు రామభజనము చేయుదురు. పిల్లలు బడులలో తెలుగక్షరములు దిద్దుదురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. దేశము 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమైనది.

కావున ఆ దీవిలో గృహస్థులు లేరు, అందఱు నతిథులే. ముందు వచ్చిన యతిథి వెనుక వచ్చిన యతిథికి చోటిచ్చుటయే అచ్చటి మర్యాద. ఆ మర్యాద యెల్లవేళల నిలిచినదని నేను చెప్పను. నిలిచిన చోట నెట్లు నిలిచినదో మాత్రము నా కనులతో చూచితిని.

మేము బస చేసినది ద్వీపమునకు తూర్పుననున్న ఫ్లాక్ మండలములో నొక గ్రామము. ఇంటి యజమానురాలు ఎనుబదియేండ్ల తెలుగు వృద్ధురాలు. ఆమెను మేము అవ్వగారని పిలిచితిమి. ఆమె తెలుగు మన తాతమ్మల నాటి తెలుగు. మాట తోచనప్పుడు క్రియోలు భాషలోనికి జాఱిపోవును. ఫ్రెంచి నుండి పుట్టిన యా భాషయే అచ్చట నెల్లవారికిని నాలుక. ఆమె కోడలు మాకు దుబాసి. పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటమునకు ప్రక్కన, భద్రాచల రాముని పటమునకు క్రింద, దారపు కుట్టు వదలిపోయిన యొక చిన్న పుస్తకము పట్టుగుడ్డలో చుట్టి పెట్టియుండెను. భజన కీర్తనల పుస్తకమై యుండునని తలచి నేను దానిని గూర్చి యడుగలేదు.

మేము వచ్చిన మూడవ వారమున చీనావారి సంవత్సరాది వచ్చినది. మనకు ఉగాది యెట్టిదో వారికి వసంతోత్సవ మట్టిది. చంద్రుని గతిని బట్టి లెక్కింతురు గనుక అది యొక యేడు జనవరి కడపటను, మఱియొక యేడు ఫిబ్రవరిలోను వచ్చును. ఆ దేశపు ప్రభుత్వము ఈ పండుగకును, మన యుగాదికిని గూడ దేశమంతటికి సెలవిచ్చును.

ఆ ప్రొద్దుట వాకిట నొక చీనా వృద్ధ నిలిచియుండెను. పొట్టి మనిషి. నెరసిన జుట్టును చెవులవఱకు కత్తిరించుకొన్నది. రెండు చేతులతో నొక పళ్లెమును పట్టుకొనియుండెను. పళ్లెముపై ఎఱ్ఱని కాగితము. అవ్వగారు మోకాళ్ల నొప్పిని మఱచి "మో సేర్!" యని యెదురేగెను. నా సోదరీ యని దానికర్థము. ఇరువురును చెక్కిలికి చెక్కిలి చేర్చి పలుకరించుకొనిరి.

కాగితము తీయగా లోపల నల్లబెల్లపు రంగున, మైనమువలె నిగనిగలాడు పిండివంట ముక్కలుండెను. దానిపేరును మైనపు వంటయే. క్రియోలులో "గాతో లాసీర్" అందురు. చీనావారు ఈ పండుగకు దీనిని వండి ఇరుగుపొరుగులకెల్ల పంచుదురు. దూరదేశమునుండి వచ్చిన యతిథినని ఆమె పళ్లెమును మొదట నా యెదుటనే పెట్టినది. దానిలో నేమి కలిపిరో, ఏ పాత్రలో వండిరో, ఆ పాత్రలో నిన్న నేమి వండిరో యని నా మనస్సు కుతకుతలాడినది. నేను చేతులు జోడించి తల యడ్డముగా త్రిప్పితిని. ఆమె నవ్వినది. ఏమియు ననలేదు. పళ్లెమును అవ్వగారి చేతికిచ్చి, కొంతసేపు మాటలాడి వెడలిపోయినది.

నేనేమియు తప్పు చేసితినని తోచలేదు. కాని మధ్యాహ్నము భోజనమైన పిమ్మట అవ్వగారు పూజగదినుండి ఆ పట్టుగుడ్డ మూటను దెచ్చి నా యొడిలో పెట్టెను. విప్పి చూడగా అది కీర్తనల పుస్తకము గాదు; నీళ్లలో నాని యెండి, ఆకులొకదానికొకటి యంటుకొనిపోయిన యంగడి పద్దుపుస్తకము.

"అమ్మా! నీ మడి నీది. దానిని నేను తప్పుపట్టను" అని ఆమె చెప్పసాగెను. "కాని ఆ పళ్లెము మా యింటికి అరువదియేండ్లకు పైగా వచ్చుచున్నది. ఎట్లు వచ్చుచున్నదో విని, పిమ్మట నీ యిష్టము."

ఆమె చెప్పినదానిని క్లుప్తముగా వ్రాయుచున్నాను.

ఆ కాలమున తోటలున్న ప్రతి గ్రామమునను చీనావారి యంగడి యొకటి యుండెడిది. లబుతిక్ సిన్వా యని దానికి పేరు. చీనావాని దుకాణమని యర్థము. బియ్యము, పప్పు, నూనె, ఎండుచేపలు, కిరసనాయిలు, సబ్బు, సూది దారము, అన్నియు నచ్చటనే. కూలివాని సంసారమునకు బస్తాలతో పనిలేదు. కావున అంగడివాడు సబ్బుకడ్డీని ముక్కలుగా కోసి యమ్మును. వెన్నను చెంచాడు తూచును. సిగరెట్టు నొక్కటొక్కటిగా నిచ్చును. చెఱకు నఱకుట జూన్ మొదలు డిసెంబరు వఱకు. ఆ నెలలలో కూలి నిండుగా దొరకును. తక్కిన నెలలలో పని కొఱత. ఆకలికి మాత్రము కొఱత లేదు. ఆ నెలలను గడపినది పద్దుపుస్తకము. గృహిణి చిన్న పుస్తకమును దీసికొనిపోవును; అంగడివాడు దానిలో నొక గీతయు, తన పెద్ద పుస్తకములో నొక గీతయు వ్రాసికొని సరకిచ్చును. కూలి చేతికి వచ్చిననాడు కొంత తీర్చుదురు. అంగడివాడును ధనికుడు గాడు. అతనికి పట్టణములోని పెద్ద వర్తకుడు అరువిచ్చును. ఇట్లు ఒకరి నమ్మకము మీద నొకరు నిలిచి, గొలుసువలె ఆ దీవి సంసారములు నడచినవి.

అవ్వగారి తల్లికి చదువు రాదు. అంగడివానికి తెలుగు రాదు. అతడు క్రియోలును, తోటలలోని యుత్తరదేశపు కూలివారి భోజపురియు నేర్చుకొనెను. ఆమెయు నట్లే నేర్చుకొనెను. ఇరువురకును సొంతము గాని భాషలలో బియ్యము బేరమాడుకొనిరి.

1960 ఫిబ్రవరి కడపట కేరోల్ అను తుఫాను ఆ దీవిమీద పడినది. దాని పేరు చెప్పిన నచ్చటి వృద్ధులు నేటికిని తల పట్టుకొందురు. వేలకొలది యిండ్లు నేలగూలెను, చెఱకు పంట పాడయ్యెను, అనేకులు మరణించిరి. అవ్వగారికప్పుడు పదునాలుగేండ్లు. వారి పూరిల్లు ఎగిరిపోగా తోట యజమాని రాతికొట్టములో తలదాచుకొనిరి. మూడవనాడు ఆమె తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని అంగడికి పోయెను. అంగడి కప్పు లేదు. చీనావాడును, అతని భార్యయు తడిసిన బియ్యపు బస్తాలను వీధిలో ఆరబోయుచుండిరి. అతని పెద్ద పుస్తకము నీట నాని ముద్దయైనది. ఒక్క గీత మిగులలేదు. గ్రామము వారి చిన్నపుస్తకములును గాలికి పోయినవి, పోనివి ఇట్లు మాడిపోయిన యాకులవలె నైనవి.

అంగడి యెదుట జనము మూగిరి. చీనావాడు కోపింపలేదు, ఏడ్వలేదు. ఒక క్రొత్త కాగితము తీసి, "ఎవరెంత బాకీయో మీరే చెప్పుడు, నేను వ్రాసికొందును" అనెను. కొంతసేపెవ్వరును నోరు మెదపలేదు. అప్పుడు అవ్వగారి తల్లి ముందుకు వచ్చి, తమ బాకీని అణాపైసలు దప్పక చెప్పెనట. ఆమెకు వ్రాత రాదు గనుక లెక్కయంతయు మనస్సులోనే యుండెడిది. ఆమె వెనుక నొక క్రియోలు స్త్రీ, ఆమె వెనుక నొక ముసల్మాను, ఇట్లొకరి వెనుక నొకరు చెప్పిరి. "అందఱు నిజమే చెప్పిరా?" యని నేనడిగితిని. అవ్వగారు నవ్వి, "అది చీనావానికి తెలియును, దేవునికి తెలియును. మా అమ్మ చెప్పినది నిజమని నాకు తెలియును" అనెను. ఆ సాయంకాలమే అతడు ఆ క్రొత్త కాగితము మీద క్రొత్త పద్దు మొదలుపెట్టి, తడిసిన బియ్యమును ఎల్లవారికిని ఇచ్చెనట. అది మొదలు ఏటేట పండుగకు పళ్లెము వచ్చుచున్నది. ఏటేట దీపావళికి ఆ పళ్లెము మిఠాయితో తిరిగి పోవుచున్నది.

ఇంత చెప్పి ఆమె మఱియొక మాటయు చెప్పెను. దానిని దాచిన సత్యమునకు దోషము. ఆ యంగడికి ప్రక్క ద్వారమొకటి యుండెడిది. అచ్చట చెఱకు సారాయమ్మెడివారు. అవ్వగారి తండ్రి కూలిలో సగము ఆ ద్వారమున పోయెడిది. ముందు ద్వారమున తల్లి బియ్యమరువు తెచ్చుట, ప్రక్క ద్వారమున తండ్రి సారా యరువు త్రాగుట, రెండు నొకే పద్దున చేరుట! ఒకనాడామె అంగడివాని భార్య యొద్దకు పోయి, ఆమె చేయి పట్టుకొని, "నీకును బిడ్డలున్నారు" అని యొక్కమాట యనెనట. ఆ మఱునాటినుండి ఆ యింటి పద్దులో సారా వ్రాయబడలేదు. కావలసిన రొక్కమిచ్చి త్రాగవలెను. భర్త అలిగెను, అంగడివాడు గొణిగెను. కాని యిద్దఱు స్త్రీలు చేసికొన్న యేర్పాటు నిలిచినది. "బియ్యమిచ్చిన చేయియు అదే, సారా పోసిన చేయియు అదే. రెండును తలచుకొనియే నేనామెను చెల్లెలందును" అని అవ్వగారు ముగించెను. వాకిటికి పళ్లెము తెచ్చిన వృద్ధ ఆ యంగడివాని కోడలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తండ్రిగారు కుచేలోపాఖ్యానము చెప్పునప్పుడు ఒక సంగతిని నొక్కి చెప్పెడివారు. అటుకులు తెచ్చినవాడు సిగ్గుతో దాచుకొనగా, శ్రీకృష్ణుడు తానే లాగికొని తినెను. ఇచ్చుటకు సంపద చాలును. పుచ్చుకొనుటకు మనస్సు కావలెను. ఆ కథను నేను నా పిల్లలకు నెన్నిమాఱులు చెప్పితినో! కొంగుమూటను చూచిన వెంటనే తల యడ్డముగా త్రిప్పితిని.

మఱునాటి నుండి మా వారు తెచ్చిన పుస్తకములలో ఆ చీనావారి చరిత్రము చదివితిని. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున ఫుకియన్ తీరపు వర్తకులు కొందఱు వచ్చిరి. తరువాత కాంటను వారును, వారి పిమ్మట మెయిషియాన్ ప్రాంతపు హక్కాలును వచ్చిరి. నేడచ్చటి చీనావారిలో హక్కాలే యెక్కువ. హక్కా యను మాటకు వారి భాషలో అతిథి కుటుంబములని యర్థమట. తమ దేశమున తామే యతిథులని పిలువబడినవారు, అందఱు నతిథులైన దీవికి వచ్చిచేరిరి!

వచ్చినవారందఱు నించుమించు పురుషులే. 1901 జనగణనలో చీనావారు 3,515 మంది. వారిలో స్త్రీలు నూటికిద్దఱైనను లేరు. భార్యలు సముద్రమునకావల అత్తమామలను సేవించుచుండ, భర్తలు ఈవల అంగడి బల్ల వెనుక నొంటిగా వండుకొని తినుచుండిరి. ఆ యూళ్లలో ఆ స్త్రీలు కార్చిన కన్నీటికి పద్దు లేదు. కొందఱు ఇచ్చటనే క్రియోలు స్త్రీలను, భారత సంతతి స్త్రీలను పెండ్లాడిరి. ఇరువదవ శతాబ్దమున చీనా స్త్రీలు రానురాను వచ్చుటతో సంసారములు నిలద్రొక్కుకొన్నవి. పెక్కుమంది క్రైస్తవులైరి, అయినను పితరులకు ధూపము వేయుట మానలేదు. మూలపురుషుని పూర్తిపేరునే ఇంటిపేరుగా పెట్టుకొనుట అచ్చటి చీనావారిలో వాడుక. మనుమలు తాత పేరు నిట్లు నిత్యము మోయుచుందురు. 1972 జనగణన నాటికి వారు 24,084 మంది.

తరువాతి శనివారము పోర్టు లూయీ పట్టణమునకు పోతిమి. రాజవీధిలో చీనావారి పేట గలదు. ఎఱ్ఱని ద్వారము దాటి లోనికి పోగా మందుల దుకాణములు, నూడిల్సు వండు భోజనశాలలు, బంగారపు టక్షరముల పలకలు. ఆ పేట ముంగిటనే ముసల్మానుల పెద్ద మసీదు, జుమ్మా మసీదు, తెల్లని గోడలతో నిలిచియున్నది. మసీదులో ప్రార్థన ముగించుకొని వచ్చినవారు చీనావాని దుకాణమున సరకు కొనుచుండిరి. ఆ ప్రక్కనే మనవారి సంతతి స్త్రీ యొకతె బండిమీద పప్పు పూరీలు అమ్ముచుండగా, చీనా బాలకులు వరుసలో నిలిచిరి. దానిని ధోల్ పూరీ యందురు. అది యిప్పుడా దేశమంతటికిని ఇష్టమైన భోజనము. అట్లే చీనావారి నూడిల్సు వండని హిందువుల యిల్లు లేదనిరి.

రేవునకు దగ్గఱగా లే సాలీన్ అను చోట 1842లో కట్టిన చీనా దేవాలయము గలదు. అచ్చటి దేవుడు క్వాన్ తీ. ఎఱ్ఱని ముఖము, పొడుగైన గడ్డము గల యోధుడు. మూడవ శతాబ్ది తొలినాళ్లలో మరణించిన యొక సేనాని దేవుడుగా కొలువబడుచున్నాడు. వారి మూడు రాజ్యముల కథలో, ఇతడును మఱి యిద్దఱు వీరులును పూచిన పండ్లతోటలో నిలిచి, ఒకే తల్లి కడుపున పుట్టకున్నను అన్నదమ్ములమై యుందుమని ప్రమాణము చేసిరట. ఇతడు మాట తప్పనివాడు గనుక వర్తకులకును ఇతడే దేవుడైనాడు. ధూపపు పొగలో నిలిచి ఆ కథ విన్నప్పుడు, ఋశ్యమూకమున అగ్నిసాక్షిగా చేయిపట్టుకొన్న రామసుగ్రీవులు నా కనులయెదుట నిలిచిరి. అరువు పుస్తకము మీద బ్రదుకు నడుపుకొన్నవారు మాట తప్పని దేవుని గొలుచుట యెంత సహజము!

ఆ పట్టణము చూపునది మంచి యొక్కటియే గాదు. 1999 మే 23వ తేదీన బంతియాట పందెము ముగిసిన పిమ్మట అల్లరి చెలరేగి, ఆ పేటలోనే చీనావారి జూదశాల యొకటి తగులబెట్టబడినది. ఏడుగురు మరణించిరి, వారిలో నొక గర్భిణియు, పసిపిల్లలును గలరు. మాకు దారి చూపిన కోడలు ఆ సంగతి చెప్పి, కొంతదూరము మాటలాడక నడచినది. నూఱేండ్ల నమ్మకము గల చోటనైనను ఒక్క రాత్రి చాలునన్న మాట. అందుచేతనే ఆ నమ్మకమును ప్రతిదినమును కట్టుకొనుచుండవలెను కాబోలు.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో కోడలు నా చేతిలో నిరువదియైదు రూపాయల నోటుంచి చూడుమన్నది. దానిపై మొయిలిన్ జాన్ అచువన్ అను చీనా వర్తకుని చిత్రము. ఆయన 1949లో శాసనసభలో ప్రవేశించి, స్వాతంత్ర్యము వచ్చిన కాలమున, 1967 నుండి 1976 వఱకు, మంత్రిగా నుండెను. ఒకప్పుడు అరువు గీతలు వ్రాసిన జాతివాని ముఖమును నేడు దేశమంతయు చేతులు మార్చుకొనుచున్నది.

ఆ సాయంకాలము నేను అవ్వగారితో, "మీ చెల్లెలి యింటికి నన్ను దీసికొనిపొండు" అంటిని. ఆమె యేమియు నడుగక చెప్పులు తొడిగికొన్నది.

మూసిన యంగడి వెనుక రెండు గదులలో ఆ చీనావృద్ధ యొక్కతెయు నున్నది. కుమారుడు కనడాలోను, కుమార్తె ఆస్ట్రేలియాలోను ఉన్నారు. చదువుకొన్న చీనా పిల్లలలో పెక్కురిట్లే విదేశములకు పోయిరి. పెద్ద బజారులు వచ్చినవి. చెంచాడు వెన్న తూచు అంగడులు ఒక్కొక్కటే మూతబడుచున్నవి. "పద్దు లేదు, పలుకరింపు లేదు, ఆ పెద్ద బజారులలో మనిషితో మాటలాడకయే గంపనిండ కొనవచ్చును" అని ఆమె క్రియోలులో అన్నదట.

నేను నా వచ్చీరాని మాటలతో, సైగలతో, "గాతో లాసీర్" అని చేయి చాచితిని. ఆమె కనులు చిన్నవి చేసికొని నావైపు చూచి, వంటయింటిలోనికి పోయి, మిగిలిన ముక్కలను ఆవిరి మీద వెచ్చజేసి తెచ్చినది. వండు విధమును గూడ చూపినది. జిగురుబియ్యపు పిండి, ముదురు రంగు చక్కెర, నీరు, కమలాపండు తొక్కు, ఇంతియే. గుడ్డు లేదు, క్రొవ్వు లేదు. గంటలకొలది ఆవిరిమీద నుడికింతురు. మన యరిసెల పాకమునకు దూరపు చుట్టమనవచ్చును. నా శంకలన్నియు అడిగియుండిన నొక్క నిమిషములో తీఱెడివి. ఏమి తినరాదో యెఱుగుట ఆచారము; అడుగకయే తల త్రిప్పుట ఆచారము గాదని ఆ నాడు తెలిసికొంటిని. ఆ ముక్క వేడిగా, తీయగా, పండ్లకు అంటుకొనుచుండెను. మాటలాడుటకు వీలు లేక ముగ్గురమును నవ్వుకొంటిమి.

ఆ తరువాత ఉగాది వచ్చినది. నేను స్నానము చేసి బొబ్బట్లు చేసి, వేపపూవు, మామిడి, క్రొత్త చింతపండు, బెల్లముతో పచ్చడి కలిపి, ఆమె తెచ్చిన పళ్లెములోనే పెట్టి, ఎఱ్ఱని కాగితము కప్పి తీసికొనిపోయితిని. ఆమె బొబ్బట్టును ప్రక్కన బెట్టి ముందు పచ్చడినే నోట వేసికొన్నది. వేపపూవు చేదు నాలుకకు తగిలి ముఖము ముడుచుకొన్నది, కాని మ్రింగినది. మ్రింగి మఱియొక చెంచాడు అడిగినది. నేను తీపిని వలదంటిని. ఆమె చేదును గాదనలేదు.

మేము బయలు వెడలునాడు అవ్వగారును ఆమెయు నొకరి చేయి నొకరు పట్టుకొని వాకిటికి వచ్చిరి. ఆమె ఆ పళ్లెమును ఎఱ్ఱ కాగితములో చుట్టి నా సంచిలో పెట్టినది. "మీ పళ్లెము మీ యింట నుండవలె గదా" అని నేను కోడలిచేత చెప్పించితిని. ఆమె చేతిమీద చూపుడువ్రేలితో నొక గీత గీసినట్లు చూపినది. పద్దు వ్రాసికొంటినని దాని యర్థమట.

ఆ పళ్లెమిప్పుడు మా వంటయింటి అలమరలో నున్నది. దానిని తిరిగి చేర్పవలెను. మన యిండ్లలో ఖాళీ పళ్లెము పంపరాదు గదా!